ఫైలు కట్టేసి నవల విప్పింది

నవల రాయాలంటే ఏం చదవాలంటారు? ఎమ్మే లిటరేచరా? ఉత్తమాట! ఫైళ్లు చదవాలండీ, ఫైళ్లు.

నమ్మరా? కిట్ డి వాల్ సంగతి వినండి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఆవిడది. 1960లో పుట్టింది. అమ్మ ఐరిష్, నాన్న కరీబియన్. అమ్మ జెహోవా సాక్షి కావడంతో ఇంట్లో బైబిలుదే రాజ్యం. నవలల రుచి తగిలింది ఇరవై దాటాకే. పాపం అనకండి, ఆలస్యంగా మొదలెట్టినవాళ్లకే ఆకలెక్కువ!

పదిహేనేళ్లు క్రిమినల్, ఫ్యామిలీ కేసుల్లో పనిచేసింది. మేజిస్ట్రేటుగా కూర్చుంది. కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేక వేరే ఇళ్లలో పెరుగుతారే, ఆ పిల్లల బాగోగుల మీద సోషల్ సర్వీసెస్ వాళ్లకు సలహాలిచ్చింది. దత్తత మీద శిక్షణ పుస్తకాలు కూడా రాసింది. శిక్షణ పుస్తకాలండీ! తల్చుకుంటేనే ఆవలింతలొస్తున్నాయి కదూ?

అలాంటావిడ 2016లో 'మై నేమ్ ఈజ్ లియాన్' అచ్చేయించింది. తొలి నవల. వయసు లెక్క మీరే వేసుకోండి, నేను ఆడవాళ్ల వయసు చెప్పను.

లియాన్‌కి తొమ్మిదేళ్లు. తమ్ముడు జేక్ పసిగుడ్డు, పైగా తెల్లవాడు. లియాన్ తెల్లవాడు కాదు. ఇంకేముంది, తమ్ముణ్ణి దత్తతకి పట్టుకుపోయారు, వీడు మిగిలిపోయాడు. ఫైల్లో అయితే ఇది రెండు ముక్కల్లో తేలిపోతుంది. నవల్లో మాత్రం వీడు తలుపు చాటున నిలబడి, పెద్దవాళ్లు తన గురించి ఏం గుసగుసలాడుతున్నారో చెవులు రిక్కించి వింటాడు. అదండీ తేడా! ఫైలు పిల్లాడి గురించి మాట్లాడుతుంది, నవల పిల్లాడి పక్కన నిలబడుతుంది.

గడుగ్గాయి కూడానూ. ఓ సోషల్ వర్కరమ్మకి జుట్టు చూసి 'జీబ్రా' అని పేరు పెట్టేశాడు. ఇన్నేళ్లూ బల్లకి అవతల కూర్చున్న మనిషి తన తోటివాళ్లకే ఆ పేరు పెట్టించిందంటే ఎంత కొంటెతనం!

అన్నట్టు, లియాన్‌ని పెంచే మొరీన్ ఉందే, ఎర్రజుట్టు మొరీన్, ఆవిణ్ణి మీకు పరిచయం చెయ్యాలని నాకెంతో ఉంది. చోటు చాలదు. సైకిలేసుకుని లియాన్ వెళ్లే కూరగాయల మళ్లూ, అక్కడి చిక్కుడు విత్తనాలూ మీరే చూసుకోండి.

ఇంకో ముచ్చట. పుస్తకానికొచ్చిన అడ్వాన్సులో కొంత తీసి, లండన్ బర్క్‌బెక్‌లో రచన నేర్చుకోడానికి డబ్బులేనివాళ్ల కోసం స్కాలర్‌షిప్పు పెట్టింది. మనిషి ఉద్యోగం వదిలిందిగానీ, ఒకరి బాగోగులు చూసే అలవాటు వదల్లేదు!

పుస్తకం కొనుక్కుని చదవండి. నా కాపీ మాత్రం అడక్కండి. పుస్తకాలు పట్టుకెళ్లినవాళ్ల జాబితా నా దగ్గర పెద్ద ఫైలే ఉంది.