బెర్లిన్‌లో కార్తీకం కబుర్లు

అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. దాంతో ఇండియాకీ మాకూ మధ్య తేడా మూడున్నర గంటలు కాస్తా నాలుగున్నర అయింది. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి ఫోన్ చేద్దామంటే అమ్మ వాళ్లకి రాత్రి పదిన్నర, పడుకునే వేళ. అందుకే మా కబుర్లన్నీ ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల దగ్గరే.

నవంబరు నడిమికి వచ్చేసరికి నాలుగుంబావుకే పొద్దుగూకుతుంది. డిసెంబరులో నాలుగు కూడా కొట్టనివ్వదు. కార్తీక దీపం కిటికీలో పెట్టేసరికి పిల్లలు ఇంకా బడి నుంచి వస్తూనే ఉంటారు. ఈ నెలలోనే, పదకొండో తారీఖున, ఇక్కడివాళ్లకీ ఒక దీపాల పండుగ ఉంది. చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో రెండు ముక్కలు చేసి సగం ఇచ్చిన మార్టిన్ అనే రోమన్ సైనికుడిని తలుచుకుంటూ, పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని పాటలు పాడుతూ వీధుల్లో నడుస్తారు. మీ పేటలో ఎక్కడ జరుగుతుందో కనుక్కుని తప్పకుండా వెళ్లండి. చూడముచ్చటగా ఉంటుంది.

అక్టోబరులో వింటర్ సెమిస్టర్ మొదలైంది కదా, మన పిల్లలు చాలామంది కొత్తగా దిగారు. ఇల్లు మారిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. ఇక్కడి అపార్టుమెంట్లలో చాలావాటికి ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్టుబాక్సు మీదా, కాలింగ్ బెల్ మీదా మీ పేరు లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. బ్యాంకు కార్డయినా, ఇన్సూరెన్సు కాగితాలైనా అంతే. సామాన్లు సర్దుకోకముందే పేరు అంటించేయండి.

ఆదివారం కొట్లు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని తప్ప సరుకులు దొరకవు కాబట్టి శనివారమే తెచ్చుకోవాలి. ఇడ్లీ పిండి కూడా శనివారమే రుబ్బేయండి. రాత్రి పది దాటాకా, ఆదివారమంతా చప్పుడు చెయ్యకూడదన్నది ఇక్కడ గట్టి నియమం. తాగేసిన నీళ్ల సీసాలు పారేయకుండా సూపర్‌మార్కెట్లో మెషీన్‌లో వేస్తే చాలా సీసాలకి 25 సెంట్ల చొప్పున వెనక్కి వస్తాయి. చలిగా ఉన్నా సరే, రోజూ కాసేపు కిటికీలు బార్లా తెరవాలి. లేకపోతే వంట ఆవిరికీ తడిబట్టల చెమ్మకీ గోడలు బూజు పట్టేస్తాయి.

కూరగాయలకి మైబాఖూఫర్‌లో కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో జరిగే టర్కీవాళ్ల సంతకి వెళ్లండి. కొత్తిమీర కట్టలు, వంకాయలు, బెండకాయలు కుప్పలు పోసి ఉంటాయి. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ కుదుర్చుకున్న ఒప్పందం తర్వాత పనికోసం వచ్చిన టర్కీవాళ్లు తమతోపాటు తమ వంటింటినీ తెచ్చుకున్నారు. ఆ పుణ్యం మనకీ దక్కింది. ఈ రోజుల్లో ఎక్కడ చూసినా ఎర్రటి హొక్కైడో గుమ్మడికాయలే. తొక్కు కూడా మెత్తగా ఉడికిపోతుంది, చెక్కు తీసే పని లేదు. బెల్లం వేసి పులుసు పెడితే అద్భుతం.

నవంబరు చివర్లో అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర క్రిస్మస్ బజారు తెరుస్తారు. పంచదార పాకంలో వేయించిన బాదం పప్పు వేడివేడిగా పొట్లం కట్టి ఇస్తారు. డిసెంబరు ఆరున నికొలౌస్ పండుగ. అయిదో తారీఖు రాత్రి పిల్లలు బూట్లు శుభ్రంగా తుడిచి గుమ్మం దగ్గర పెడితే, తెల్లారేసరికి వాటిలో చాక్లెట్లు ఉంటాయి. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే మీరూ పెట్టించండి. మర్నాడు బళ్లో చెప్పుకోవడానికి వాళ్లకీ ఒక ముచ్చట ఉంటుంది.

కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. నాలుగింటికే చీకటి పడిందని తలుపేసుకుని గదిలో కూర్చోకండి. మంచి కోటు కొనుక్కుని బయటికి రండి, ఫోక్స్‌హోఖ్‌షూలే అనే వయోజన విద్యాకేంద్రంలో జర్మన్ క్లాసుకి చేరండి, మెట్ల మీద ఎదురైన పక్కింటివాళ్లని పలకరించండి. మొదటి చలికాలం మనుషుల మధ్య గడిపినవాళ్లకి ఈ ఊరు తొందరగా అలవాటవుతుంది.