పికప్పు, పట్టు

మా మేనల్లుడు స్పోర్ట్స్ కారు కొంటానంటున్నాడు. చదువు కోసం చేసిన అప్పు తీరింది, ఉద్యోగం కుదురుకుంది, ఇదే అదును అనుకున్నాడు. అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫరెట్టాలో ఉంటాడు. వాడి మనసు రెండు బళ్ల మధ్య ఊగుతోంది. ఒకటి డాడ్జ్ చాలెంజర్ స్కాట్ ప్యాక్: 6.4 లీటర్ల వీ8 ఇంజను, 485 హార్స్‌పవర్. 2023 చివర్లో దాని తయారీ ఆగిపోయింది కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నాడు. రెండోది మాజ్డా మియాటా: రెండే సీట్లు, రెండు లీటర్ల ఇంజను, 181 హార్స్‌పవర్. "ఏది కొనను మావయ్యా?" అని అడిగి, నేను నోరు విప్పేలోపే "క్వార్టర్ మైలు టైములు చూశావా?" అన్నాడు.

చూశాను. క్వార్టర్ మైలంటే 402 మీటర్లు. ఆ దూరాన్ని చాలెంజర్ పన్నెండున్నర సెకన్ల దరిదాపుల్లో దాటేస్తుంది. మియాటాకి సుమారు రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. చెప్పుకోవడానికి రెండు సెకన్లే గానీ, ముగింపు గీత దగ్గర నిలబడి చూస్తే ఎనభై మీటర్ల తేడా. మనవాళ్లు పికప్పు అనే లెక్కలో ఈ రెంటికీ పోటీయే లేదు.

అయినా నేను మియాటానే కొనమంటాను. కారణం ఫోన్లో సగమే చెప్పగలిగాను.

ముందు సూటి దారికి దక్కాల్సిన గౌరవం దానికి ఇవ్వాలి. "గ్యాసు తొక్కడమేగా" అని డ్రాగ్ రేసును తీసిపారేసేవాళ్లంటే నాకు గిట్టదు. కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువు నేలల మీద సొంతంగా బిగించుకున్న హాట్ రాడ్లతో కుర్రాళ్లు పెంచిన విద్య అది. వీధుల్లో సాగుతున్న పందేలను పద్ధతిగా స్ట్రిప్ అనే సూటి ట్రాక్ మీదికి తేవాలని 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. బండి బయల్దేరే ఆ క్షణాన్ని దగ్గరగా నిలబడి చూడాలి. డ్రైవరు వెనక టైర్లను తడి నేల మీద గిర్రున తిప్పి, పొగలు కక్కేలా వేడెక్కిస్తాడు. రబ్బరు మెత్తబడి జిగురెక్కుతుంది. ముందుకొచ్చి గీత దగ్గర అంగుళం అంగుళం సర్దుకుంటాడు. పసుపు దీపాలు వెలిగి పచ్చది వచ్చేసరికి టైరు పక్క గోడలు ముడతలు పడతాయి. చక్రం తిరగబోతుంది, నేల వదలదు, ఆ పెనుగులాట రబ్బరు ముడతల్లో కంటికి కనపడుతుంది. ఆ తర్వాతే బండి దూకుతుంది.

ఆ దూకుడు కోసం ఇంజనీర్లు ఎంత శ్రమ పడ్డారో చాలెంజర్‌కే డ్రాగ్ రేసు రూపమైన 2018 నాటి డాడ్జ్ డీమన్‌లో చూడొచ్చు. 840 హార్స్‌పవర్‌తో క్వార్టర్ మైలు 9.65 సెకన్లు. ఇంజను ఒక్కటే చేసిన పని కాదది. బయల్దేరగానే ముక్కు పైకి లేచి బరువంతా వెనక టైర్ల మీద పడేలా సస్పెన్షన్‌ని మెత్తగా కుదిర్చారు. స్ట్రిప్ మీద బిగించుకోవడానికి ముందు చక్రాలు సన్నవి విడిగా ఇచ్చారు, బరువు తగ్గాలని.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. సూటి దారిలో ఆ బండికి బలమైన ప్రతి గుణమూ మలుపులో ఎదురు తిరుగుతుంది. ముక్కు లేచిందంటే ముందు టైర్ల మీద బరువు తగ్గినట్టు. బరువు లేని టైరుకి పట్టుండదు. పట్టు లేని టైరును ఎంత తిప్పినా బండి తిరగదు. ఒకే బండిని రెంటికీ సమానంగా సిద్ధం చేయడం కుదరదు. అందుకే ముందు ఏది ఇష్టమో తేల్చుకోమని మావాడితో అంటున్నాను.

మలుపు లెక్క చాలా ఖచ్చితమైనది, దానికి దయాదాక్షిణ్యాలు ఉండవు. వేగం రెట్టింపయితే బండిని దారిలో నిలపడానికి కావలసిన బలం నాలుగింతలవుతుంది. యాభై మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు ఊహించుకోండి. గంటకు 30 మైళ్లతో వెళ్తే బండి బరువులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ బలం పక్కకు కావాలి. 42 మైళ్లయితే అది రెండింతలు. 60 మైళ్లయితే బండి బరువుకు ఒకటిన్నర రెట్లు. మామూలు రోడ్డు టైరు ఎండిన రోడ్డు మీద కూడా బండి బరువుకు సమానమైనంత బలం ఇస్తే గొప్ప. బానెట్ కింద 181 గుర్రాలున్నా 840 ఉన్నా ఆ వేగంతో ఆ మలుపు తిరగడం జరగని పని. పైగా టైరు మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. చాలెంజర్ 1,900 కిలోల పైమాటే, మియాటా 1,060 కిలోల చిల్లర. తేలిక బండి మలుపులో ఎందుకు హాయిగా ఉంటుందో ఇందులోనే తెలిసిపోతుంది.

ఒక్క టైరే మూడు పనులు చేయాలి: పరిగెత్తించడం, ఆపడం, తిప్పడం. కాలువలో మన వంతుకు వచ్చిన నీటిని మూడు మళ్లకు పారించుకోవడం లాంటిదిది. ఒక మడికి గండి పెద్దది చేస్తే పక్క మడి ఎండుతుంది. మలుపులో గట్టిగా బ్రేకు తొక్కితే తిప్పడానికి పట్టు మిగలదు. ఈ పంపకం చేసేది ఇంజను కాదు, డ్రైవరు.

నార్త్ కరోలైనా, టెనెసీ సరిహద్దులో డీల్స్ గ్యాప్ దగ్గర 129వ నంబరు హైవే మీద పదకొండు మైళ్లలో 318 మలుపులున్నాయి. టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అంటారు. పరిమితి 30 మైళ్లు. అక్కడ మియాటా లాంటి బండిలో ఏం జరుగుతుందో చెబుతాను. దారి ఇంకా సూటిగా ఉండగానే బ్రేకు వేస్తారు, ముక్కు కొద్దిగా వంగి ముందు టైర్ల మీద బరువు పడుతుంది. బ్రేకు మీంచి కాలు మెల్లగా తీస్తూ స్టీరింగ్ తిప్పితే ఆ టైర్లు నేలను కొరికి పట్టుకుంటాయి. స్టీరింగ్ చేతిలో బరువెక్కుతుంది, ఎంత పట్టు వాడారో ఎంత మిగిలిందో ఆ బరువే చెబుతుంది. బండి బయటి వైపుకి కొంచెం ఒరిగి, అక్కడ కుదురుకుంటుంది. ఇప్పుడు తొందరపడి గ్యాసు తొక్కితే ముక్కు బయటికి జారుతుంది. భయపడి కాలు పూర్తిగా తీసేస్తే బరువు ముందుకు తోసుకొచ్చి తోక తేలికవుతుంది. సమంగా పట్టి ఉంచి, దారి విప్పుకునే కొద్దీ గ్యాసు పెంచుతూ పోతే, బండి తనంతట తానే బయటికి సాగిపోయినట్టుంటుంది. ఇదంతా మూడు నాలుగు సెకన్ల పని. అది అయ్యేసరికి ఇంకో మలుపు. ముప్ఫై మైళ్ల వేగంతోనే ఇంత ఉంది.

చాలెంజర్‌కి ఫ్రీవే మీద చట్టం లోపల దక్కేదెంత? నిలిచిన చోటు నుంచి 60 మైళ్లకు నాలుగు సెకన్ల పైచిలుకు. తర్వాత కాలు తీసేయాల్సిందే. మనిషి నేర్చుకోవడానికి ఆ నాలుగు సెకన్లలో చోటు తక్కువ.

తిరుమల ఘాట్ రోడ్డు మీద నిర్ణయించిన సమయం కన్నా ముందే చేరిన బండికి జరిమానా వేస్తారు. అయినా అక్కడ రోజూ తిరిగే జీపు డ్రైవర్లలో పనితనం ఉన్నవాడెవడో, వెనక సీట్లో కూర్చున్న ముసలమ్మ వాంతి చేసుకోకుండా కొండ దిగడంలోనే తెలుస్తుంది. మలుపు విద్యకు వేగం అంత ముఖ్యం కాదని నాకు అక్కడే మొదట అర్థమైంది.

ఇంకో సంగతి. సూటి వేగం ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కి 1,020 హార్స్‌పవర్ ఉంది. పిల్లల్ని బడికి దింపే నాలుగు తలుపుల కారు, రెండు టన్నుల పైన బరువు, అయినా 60 మైళ్లకు రెండు సెకన్ల చిల్లర. శబ్దం కూడా ఉండదు. వీ8 గర్జన వేరే సుఖం, కాదనను. ఆ గర్జన కోసమే కొంటానంటే మావాడితో వాదించను. వేగం కోసమైతే మాత్రం, పక్కింటి ఫ్యామిలీ కారు దాటేసి పోయే రోజులివి.

తేలిక బండి దారి వేరు. 1962లో లోటస్ కంపెనీ అధిపతి కోలిన్ చాప్‌మన్ ఎలాన్ అనే చిన్న ఓపెన్ కారుని ఏడు వందల కిలోల లోపే చేశాడు. తర్వాత ఆ తరహా చిన్న ఓపెన్ కార్లు ఒక్కొక్కటే కనుమరుగైపోయాయి. అలాంటివి మళ్లీ రావాలని 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ విలేకరి మాజ్డా కంపెనీ పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోతో అన్నాడు. పదేళ్లకి, 1989లో, చికాగో ఆటో షోలో మియాటా తెర ముందుకొచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, ముందూ వెనకా దాదాపు సమానంగా పంచిన బరువు. ఆ రోజుల్లో కూడా పికప్పు చూసి ఎవరూ అబ్బురపడలేదు. 2016 నాటికి పది లక్షల బళ్లు తయారయ్యాయి. అంతమంది కేవలం చవక అని కొనలేదని నా నమ్మకం.

మావాడికి చివరగా చెప్పింది ఇదీ. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు ఫ్రీవే మీద పరుగెత్తించి చూసి వచ్చేయకు. గుండ్రంగా తిరిగి పైకెక్కే ర్యాంపు ఒకటి చూసుకుని, రాసి ఉన్న వేగంతోనే రెండు బళ్లలోనూ ఎక్కు. వంపు బిగిసే కొద్దీ స్టీరింగ్ బరువు మారుతోందా, బ్రేకు పెడల్ గట్టిగా తగులుతోందా గమనించు. ఏది కొన్నా మొదటి ఖర్చు మంచి టైర్ల మీద పెట్టు. రెండో ఖర్చు, రోడ్ అట్లాంటా ట్రాక్ మీద పక్కన కూర్చుని నేర్పే మనిషితో ఒక రోజు. ఎదురుగా ఏం వస్తోందో కనపడని కొండ మలుపులో టైరు అసలు హద్దు వెతకకు, అది ట్రాక్ మీద వెతుక్కోవలసింది. అక్కడ పన్నెండు మలుపులున్నాయి, ఎదురొచ్చే బండి ఉండదు. మీ అమ్మకి ఏ బండి కొన్నావో నువ్వే చెప్పు, నన్ను ఇరికించకు.