ఏడు రోజులు ఏమీ చేయకుండా

మా ఇళ్లలో ఆడవాళ్ల ప్రయాణానికి ఎప్పుడూ ఏదో ఒక పని తగిలించి ఉంటుంది. పురుడో, పెళ్లో, మొక్కో, అమెరికాలో మనవల పెంపకమో. ఊరికే సముద్రం మీద తిరిగి వస్తామంటే వినేవాళ్లకి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నేనూ, బ్యాంకులో పనిచేసి రిటైరైన నా స్నేహితురాలూ, అరవై మూడేళ్ల మా వదినా కలిసి వచ్చే మే నెలాఖరులో టర్కీ దక్షిణ తీరం వెంట వారం రోజులు పడవలో గడపాలనుకున్నాం. ట్రావెల్స్ ఆఫీసులో అబ్బాయి రెండుసార్లు అడిగాడు, "సార్లు రావట్లేదా మేడమ్?" అని.

ఇలాంటి ప్రయాణాన్ని అక్కడివాళ్లు 'మావి యోల్జులుక్' అంటారు. నీలి ప్రయాణం అని. దీని మూలం ఒక శిక్షలో ఉంది. పారిపోయిన సైనికుల్ని విచారణ లేకుండా చంపడం గురించి కథ రాసినందుకు జెవాత్ షాకిర్ అనే రచయితని 1925లో బోడ్రుమ్‌కి ప్రవాసం పంపారు. ఆయన ఆ ఊరిని ప్రేమించి అక్కడే చాలా ఏళ్లు ఉండిపోయాడు. సముద్రం అడుగున స్పాంజీలు తీసేవాళ్ల పడవల్లో మిత్రుల్ని వెంటేసుకుని తీరమంతా తిరిగాడు. ఆ మిత్రుల్లో అజ్రా ఎర్హాత్ ఒకరు. గ్రీకు, లాటిన్ పండితురాలు. 1948లో అంకారా విశ్వవిద్యాలయం నుంచి తొలగించబడింది. ఎ. కాదిర్‌తో కలిసి 'ఇలియడ్'ని టర్కిష్‌లోకి తెచ్చింది. 1962లో 'మావి యోల్జులుక్' పేరుతో పుస్తకం రాసింది. మాకు దొరికిన బ్రోషర్లలో ఆయన పేరు కనిపించింది గానీ ఆమె పేరు ఒక్కదాంట్లోనూ లేదు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. అదే బోడ్రుమ్ (అప్పటి హాలికార్నసస్) రాణి ఆర్టెమీసియా, క్రీ.పూ. 480లో సలామిస్ యుద్ధంలో అయిదు ఓడలు నడిపిందని ఆ ఊరివాడే అయిన హెరోడోటస్ రాశాడు. ఆమెని మెచ్చుకోవడానికి పర్షియా చక్రవర్తి మగతనాన్నే అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది!

ఏర్పాట్లన్నీ నా స్నేహితురాలు లెడ్జరు రాసినట్టు రాసింది. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి గాలి గట్టిగా వీస్తుంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి మే నెలాఖరో సెప్టెంబరో నయం. మనమే నడుపుకునే తెరచాప పడవ కావాలంటే లైసెన్సు ఉండాలి. 2017-18లో 'తారిణి' మీద ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నావికాదళ అధికారిణుల్లో హైదరాబాదు ఐశ్వర్య, విశాఖ స్వాతి ఉన్నారని విని గర్వపడ్డవాళ్లమే గానీ మాకు చెరువులో తెడ్డు వేయడం కూడా రాదు. కాబట్టి గులెట్ అనే చెక్క పడవ. రెండు తెరచాప కొయ్యలుంటాయి గానీ చాలాసేపు ఇంజనుతోనే నడుస్తుందట. కెప్టెనూ, సహాయకుడూ, వంటమనిషీ పడవతోపాటే వస్తారు.

ఈ వంటమనిషి దగ్గర మా వదిన ఆగిపోయింది.

"వంట చేసేది మగాడా? మూడు పూటలా?"

"అవును వదినా."

"మరి గిన్నెలు?"

"అవీ వాళ్లే."

"అయితే మనమేం చేయాలమ్మాయీ?"

"ఏమీ చేయక్కర్లేదు."

చాలాసేపు మాట్లాడలేదు. పందొమ్మిదేళ్లకి మా ఇంటికి కోడలిగా వచ్చింది. మా అన్నయ్య పోయిన పన్నెండో రోజున కూడా వచ్చినవాళ్లకి కాఫీలు సరిపోయాయా లేదా అని వంటింటి గుమ్మంలో నిలబడి చూసుకున్న మనిషి. విశ్రాంతి గురించి మనం సెమినార్లలో చాలా పేపర్లు చదివాం. వేతనం లేని శ్రమకి లెక్కలు కట్టాం. ఆ శ్రమ ఒక వారం ఆగిపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషికి ఏం చెప్పాలో ఆ పేపర్లలో లేదు. "ఏడు రోజులా?" అని మాత్రం అంది చివరికి, ఎవరో జైలుశిక్ష చదివి వినిపించినట్టు.

మొదట్లో బోడ్రుమ్ నుంచి గ్రీసు దేశపు కోస్ ద్వీపానికి కూడా వెళ్లొద్దామనుకున్నాం. టర్కీ వీసా వేరు, గ్రీసుకి షెంగెన్ వీసా వేరు. రెండోదానికి మళ్లీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సు, వేలిముద్రలు. మధ్యలో ఉన్న సముద్రం, బాగా సన్నటి చోట, నాలుగైదు కిలోమీటర్లు. కాగితాలున్నవాళ్లు ఫెర్రీలో గంటలోపు దాటేస్తారు. 2015 సెప్టెంబరు 2న కాగితాలు లేని ఒక సిరియా కుటుంబం రాత్రిపూట చిన్న పడవలో దాటబోయింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పసివాడు అలాన్ కుర్దీ ఫోటో మనందరికీ గుర్తే. అతని అన్న గాలిబ్, తల్లి రెహానా కూడా ఆ రాత్రే పోయారని ఎంతమందికి గుర్తుంది? రెహానాకి ఈత రాదు. నీళ్లంటే భయమని తనతో చెప్పుకుందని కెనడాలో ఉన్న ఆడపడుచు తీమా తర్వాత చెప్పింది. ఆ ప్రయాణానికి డబ్బు పంపింది కూడా తీమానే.

ఇది చదివి వినిపించినప్పుడు మా వదిన నా వైపు చూసింది. మేమూ వదినా ఆడపడుచులమే. ఆమెకీ ఈత రాదు. ఆమె వాటా డబ్బు కడుతున్నది నేనే.

వెళ్లడం మానేద్దామా అని నా స్నేహితురాలు అడిగింది. ఆ నీళ్లలో సరదాగా మునకలేయడానికి మనసొప్పదంది. మేం మానేస్తే రెహానాకి ఒరిగేదేమిటో నాకు తోచలేదు, వెళ్తే మాత్రం ఆమె పేరు తెలిసి వెళ్తాం అన్నాను. ఈ మాట ఆమెకి నచ్చలేదు. వారం రోజులు ఫోన్ చేయలేదు. తర్వాత చేసి, కోస్ మాత్రం వద్దంది. ఇప్పుడు దారి మార్చాం. ఫెతియేలో ఎక్కి తూర్పుగా కెకోవా దాకా వెళ్లి రావడం. అక్కడ పాతకాలపు ఊరొకటి భూకంపాలకి సగం నీళ్లలోకి దిగిపోయింది. గోడలూ మెట్లూ పడవలోంచి కనిపిస్తాయట. ఆ శిథిలాల దగ్గర ఈత నిషేధం.

ఈతంటే గుర్తొచ్చింది, మా వదిన నెలరోజులుగా ఆడవాళ్ల బ్యాచ్‌లో కొలనుకి వెళ్తోంది. మోకాళ్ల దాకా వచ్చే స్విమ్‌సూటు కొనుక్కుంది. నీళ్లలో వెల్లకిలా తేలడం వచ్చేసింది, ముందుకి కదలడమే రావడం లేదు. కొడుకు ఫోన్లో "ఈ వయసులో ఎందుకమ్మా" అంటే, "మీ అత్తని అడుగు" అని ఫోన్ నాకిచ్చేసింది.

అడ్వాన్సు కట్టేశాం. మొన్న ఒక ఉత్తరం తెలుగులో రాసి నా చేతికిచ్చింది, ఇంగ్లీషులో పెట్టి పడవవాళ్లకి పంపమని. ఒక్కపూట, ఒకే ఒక్కపూట, ఆ వంటమనిషికి అభ్యంతరం లేకపోతే, తాను మామిడికాయ పప్పు చేసి పెట్టొచ్చా అని. నేనింకా పంపలేదు.