వెండి కాని వెండి

ముత్యపుచిప్పలో వెండిని చూడడం అధ్యాసకు వేదాంతులు చెప్పే ప్రసిద్ధ దృష్టాంతం. చిప్పను చేతిలోకి తీసుకోగానే వెండి అన్న బుద్ధి తొలగిపోతుంది. ఎండమావి అలా కాదు. అక్కడ నీరు లేదని తెలిసినా నీరు కనిపిస్తూనే ఉంటుంది. మొదటిది నిరుపాధిక భ్రమ, రెండవది సోపాధిక భ్రమ. ఈ భేదం సాధకులలో చాలామందికి పాఠంగా తెలుసు. అనుభవానికి రావడం అరుదు.

చిల్కానగర్‌లో ఒక యువకుడు ప్లాస్టిక్ భాగాలతో మిగ్-21 యుద్ధవిమానపు నమూనాను, అసలు పరిమాణంలో 48వ వంతుగా, నిర్మించాడు. అతని పితామహుడు వాయుసేనలో ఆ విమానాల మరమ్మతులు చూసి విశ్రాంతి పొందినవారు. 1963లో మన సేనలో ప్రవేశించిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పొందింది. ఆనాటికి నమూనాను తాతగారి చేతిలో పెట్టాలని మనుమని సంకల్పం.

తొలినాళ్ల మిగ్‌లలో అనేకం రంగు లేకుండా సహజ లోహకాంతితోనే ఎగిరేవి. ఆ కాంతి ప్లాస్టిక్‌పై రావాలంటే ముందుగా నిగనిగలాడే నల్లని పూత వేయాలి. అది అద్దంలా ఆరిన పిదప, ఎయిర్‌బ్రష్‌తో సుమారు 15 పీఎస్ఐ ఒత్తిడిలో అల్యూమినియం లాకర్‌ను పొగమంచులా పలుచని పొరలుగా చల్లాలి. ఒక్కొక్క రేకుకు ఒక్కొక్క ఛాయ. ఇంజను వేడి తగిలే తోకభాగానికి ముదురు వర్ణం. సాధారణ వర్ణాలు చిన్నచిన్న లోపాలను కప్పుతాయి. లోహవర్ణం వెంట్రుకవాసి గీతను, ధూళికణాన్ని సైతం ఎత్తి చూపుతుంది.

గడువుకు రెండు దినాల ముందు, రెక్క మొదట్లో అతుకుగీత ఒకటి వెండిపూతలో మెరిసింది. తాతగారి దృష్టి మందగించింది. వారికి అది కనబడదు. అయినా మనుమడు ఆ పూతనంతా తొలగించి, వాటర్‌పేపరుతో రుద్ది, నలుపు నుండి మళ్లీ ఆరంభించాడు. గడువు దాటిపోయింది.

పది దినాల తరువాత వృద్ధుడు నమూనాను అందుకున్నాడు. "తేల్కగున్నదిరా బిడ్డా" అన్నాడు. లోహం కాదని చేతికి తెలిసింది. కంటికి మాత్రం ఆ మసక వెలుగులోనూ వెండి మెరుస్తూనే ఉన్నది. ఒక్కొక్క భాగం పేరు చెబుతూ వేలితో ముక్కు నుండి తోక దాకా తడిమాడు. గీత ఉండిన చోట వేలు ఆగలేదు.

జ్ఞానం కలిగిన పిదప కూడా తోచే ఈ తోపునే శాస్త్రం బాధితానువృత్తి అంటుంది. జీవన్ముక్తునికి జగత్తు ఇలాగే కనిపిస్తుంది, బంధించదు. అయితే ఆ జ్ఞానం నిలిచేది శుద్ధమైన చిత్తంలోనే. జపపారాయణాలు పెరిగేకొద్దీ తమ దోషాలే అధికంగా కనబడుతున్నాయని కొందరు సాధకులు దుఃఖిస్తారు. వెండిపూత పడినప్పుడే గీత కనబడుతుంది. కనబడినప్పుడు, ఇతరులకు కనబడదు కదా అని విడిచిపెట్టక, గడువు దాటినా సరే, మళ్లీ అడుగు నుండి రుద్దుకోవాలి.