ఆకుదాకా ఎక్కని ఉప్పు

మా క్యాంపులో మా పొలానికి చివర ఒక పల్లపు మడి ఉంది. తుంగభద్ర కాలువ కింద తాతయ్య కొన్నప్పుడు అది మంచి నల్లరేగడేనట. ఏళ్లతరబడి నీళ్లు నిలిచి ఉప్పు పైకి తేలింది. ఎండాకాలంలో తెల్లగా పూస్తుంది. మనం చౌడు అంటాం, ఇక్కడి కన్నడంవాళ్లు సవళు అంటారు. వరి నాటితే ఆకు కొసలు మాడిపోతాయి.

పోయిన సంక్రాంతికి నాన్న ఆ మడి అమ్మేద్దామన్నారు. మళ్లీ ఆయనే, "ఉప్పుకి ఓర్చుకునే జీన్ ఏదో కనిపెట్టారంట కదా, చూసి చెప్పమ్మాయ్" అన్నారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. బడిలో వంశవాహి అని కన్నడంలో చదివానేగానీ, తెలుగులో జన్యువు అంటారని కూడా ఆలస్యంగా తెలిసింది. అయినా కూర్చుని చదివాను.

నోనా బొక్రా అని బెంగాల్ తీరపు పాత వరి ఉంది. బెంగాలీలో నోనా అంటే ఉప్పన. షాంఘై శాస్త్రవేత్తలు దాన్ని ఉప్పుకి ఆగలేని జపాన్ వరి కోషిహికారితో సంకరం చేశారు. వాటి సంతతిని ఉప్పు నీళ్లలో పెంచి, కాండంలో, ఆకుల్లో పొటాషియం ఎంత నిలిచిందో కొలిచారు. తేడా తెచ్చే ముక్క ఒకటో క్రోమోజోములో దొరికింది. ఆ ముక్క మాత్రమే నోనా బొక్రాది, మిగతాదంతా కోషిహికారిదే అయ్యేలా మొక్కల్ని తయారు చేసి, వెతికే చోటుని కుదించుకుంటూ ఒక్క జన్యువు దగ్గరికి చేరారు. 2005లో ప్రచురించారు. పేరు ఎస్‌కేసీ1. మేం బగ్ పట్టుకునేదీ ఇలాగే, ఒక్కటి మార్చి మిగతావి కదపకుండా చూస్తాం.

ఆ జన్యువు ఒక రవాణా ప్రోటీన్ని చేస్తుంది. వేరు నుంచి నీళ్లు పైకెళ్లే గొట్టాల పక్క కణాల్లో అది కాపలా ఉంటుంది. నీళ్లతోపాటు ఎక్కుతున్న సోడియంని మధ్యలోనే లాగేస్తుంది, ఆకుదాకా పోనివ్వదు. రెండు వరుల ప్రోటీన్లనీ కప్ప గుడ్లలో పెట్టి పరీక్షిస్తే నోనా బొక్రాదే చురుగ్గా పనిచేసింది. రెండిటికీ తేడా నాలుగు అమైనో ఆమ్లాలే!

ఫోన్లో ఇదంతా చెప్తే నాన్న శ్రద్ధగా విన్నారు. "అయితే అలాంటి విత్తనం వేస్తే మన మడి బాగవుద్దా?"

"మొక్క కొంత తట్టుకుంటుంది నాన్నా. నేలలో ఉప్పు మాత్రం నేలలోనే ఉంటుంది. అది పోవాలంటే నీళ్లు బయటికెళ్లే దారి ఉండాలి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు, "మురుగు కాలవ ఉండేదే. నాలుగు వరసలు ఎక్కువ నాటుకోవచ్చని నేనే పూడ్చాను. తాతయ్య వద్దన్నాడు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. కాలువ నీళ్లదే తప్పని మేమంతా అనుకున్నాం.

ఈ వేసవిలో ఆ మురుగు కాలవ మళ్లీ తవ్విస్తున్నాం. తర్వాత జీలుగ చల్లాలని నాన్న ఆలోచన. మడి అమ్మే మాట ప్రస్తుతానికి ఎత్తడం లేదు.