12 స్టేషన్లు... ఒక్కడే!

కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్ నుంచి ప్యారడైజ్ ఎంత దూరం? మిమ్మల్ని అడిగితే నిమిషాల్లో చెబుతారు. మా తమ్ముణ్ని అడిగితే స్టేషన్లలో చెబుతాడు. అమీర్‌పేట దాకా 8, అక్కడ రైలు మారితే ఇంకో 4. మొత్తం 12. ఆ 12 స్టేషన్లు వాడు ఒక్కడే వెళ్లడానికి మాకు 7 నెలలు పట్టింది.

వాడికి 17 ఏళ్లు. ఆటిజం ఉంది. అది జబ్బు కాదు, మెదడు పనిచేసే తీరే వేరు. మనకు వినిపించీ వినిపించని శబ్దాలు వాడికి చెవిలో సుత్తితో కొట్టినట్టుంటాయి. ఎవరైనా ముట్టుకుంటే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. అనుకున్నది అనుకున్నట్టు జరగకపోతే కాళ్ల కింద నేల కదిలిపోయినంత కంగారు. కానీ ఒక్కసారి చూసిన రూటు మర్చిపోడు. అబద్ధం చెప్పడు.

కిందటి నవంబర్లో వాడికి సికింద్రాబాద్ వైపు ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో సీటొచ్చింది. ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే చాలు. అమ్మ రోజూ దింపి, సాయంత్రం దాకా అక్కడే మెట్ల మీద కూర్చుని, మళ్లీ తీసుకొచ్చేది. నాన్నవి షిఫ్టు డ్యూటీలు. నేను ఉద్యోగాల వేటలో ఉన్నాను. అమ్మ మోకాళ్లు మెట్రో మెట్లకు మొరాయించడం మొదలయ్యాక ఇంట్లో అందరం తప్పించుకు తిరుగుతున్న మాట నాన్న నోట్లోంచి వచ్చేసింది. "మనం ఉన్నన్నాళ్లు సరే, ఆ తర్వాత?"

ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లన్నిట్లో ఈ ప్రశ్న ఉంటుంది. మా ఇంట్లో దానికి జవాబు రెడ్ లైన్ మీద మొదలైంది.

వెనక నుంచి ముందుకు

మనం ఎవరికైనా దారి ఎలా నేర్పిస్తాం? ఇంటి దగ్గర మొదలుపెట్టి చివరిదాకా. కేంద్రంలోని టీచర్ మేడమ్ దాన్ని తిరగేశారు. "చివరి ముక్క ముందు నేర్పండి. గమ్యానికి తనంతట తనే చేరానన్న ఆనందం మొదటిరోజే దొరకాలి" అన్నారు.

అందుకే వాడు ఈ ఊరిని వెనక నుంచి నేర్చుకున్నాడు. మొదటి రెండు వారాలు కేంద్రం ఉన్న సందు మొదట్లో నేను ఆగిపోయేదాన్ని. అక్కణ్నుంచి గేటు దాకా వాడొక్కడే. తర్వాత ప్యారడైజ్ స్టేషన్ మెట్ల దగ్గర్నుంచి. ఆ చౌరస్తా గురించి హైదరాబాదీలకు చెప్పక్కర్లేదు. బిర్యానీ వాసన ఒక పక్క, బస్సుల హారన్లు ఒక పక్క. రోడ్డు దాటడం మనకే ప్రాణసంకటం. అందుకని రోడ్డు మీదికి దిగే పనే లేకుండా, స్టేషన్ లోపలి నుంచే అవతలి వైపుకు దాటి దిగడం నేర్పాం. మీరూ అలా చేయొచ్చు, రైలెక్కకపోయినా సరే!

తర్వాత రసూల్‌పురా నుంచి ప్యారడైజ్‌కి ఒక్క స్టేషన్. ఆపైన ప్రకాశ్‌నగర్, బేగంపేట. ఇలా నెలకు కొన్ని స్టేషన్లు వెనక్కి జరుగుతూ అమీర్‌పేట చేరేసరికి మార్చి వచ్చింది.

ఈలోగా ప్రయాణం మొత్తాన్ని 26 స్టెప్పులుగా విడగొట్టి, బొమ్మలతో కార్డులు చేశాం. అందులో అన్నిటికంటే కష్టమైంది ఏదో తెలుసా? రైలు మారడం కాదు, సెక్యూరిటీ చెకింగ్! కొత్త మనిషి దగ్గరికొచ్చి తడిమితే వాడు కేకపెట్టి వెనక్కి పరిగెత్తేవాడు. నాన్న డ్యూటీ నుంచి రాగానే బ్యాటరీ లైటు చేత్తో పట్టుకుని, హాల్లో సెక్యూరిటీ గార్డు అవతారం ఎత్తేవాడు. "చేతులు చాపండి సార్" అంటే వీడు చాపడం, నాన్న లైటు పైనుంచి కిందకి తిప్పడం. మొదట్లో 2 సెకన్లు, నెల తిరిగేసరికి 10 సెకన్లు. ఒకరోజు నాన్న చెకింగ్ మర్చిపోతే వీడే గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాడు. ఆ రాత్రి ఇంట్లో నవ్వులే నవ్వులు.

వాడు చూపించిన ఊరు

ఐదేళ్లుగా ఈ లైన్‌లో తిరుగుతున్నా నేనెప్పుడూ ఫోన్‌లోంచి తలెత్తింది లేదు. వాడి పక్కన నిలబడ్డాకే ఊరు కనిపించింది.

వాడెప్పుడూ మూడో కోచ్‌లో, రెండో డోర్ పక్కన నిలబడతాడు. కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట... అనౌన్స్‌మెంట్ రాకముందే స్టేషన్ పేరు చెప్పేస్తాడు. భరత్‌నగర్ రాగానే కిందికి చూస్తాడు. అక్కడ ఎంఎంటీఎస్ పట్టాలుంటాయి. రైలు కనిపించిన రోజు మంచి రోజు. ఎర్రగడ్డలో రైతుబజార్ సంచులతో ఎక్కే వాళ్లని చూసి కొత్తిమీర వాసన వస్తోందంటాడు. నాకు రాదు. కాసేపు ఆగి పీలిస్తే నిజంగానే వస్తుంది.

అమీర్‌పేట మాత్రం వాడికి యుద్ధభూమి. కోచింగ్ సెంటర్లకు వెళ్లేవాళ్లు, హైటెక్ సిటీ వైపు పరిగెత్తేవాళ్లు, లైన్ మారేవాళ్లు... అందరూ ఒకేసారి మెట్ల మీద పడతారు. ఎస్కలేటర్ అంటే వాడికి భయం. అందుకని మెట్ల అంచున, రెయిలింగ్ పట్టుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నీలం రంగు గుర్తులు చూసుకుంటూ నాగోల్ వైపు ప్లాట్‌ఫామ్‌కి. జనం మరీ ఎక్కువుంటే గోడ పక్కన నిలబడి 50 లెక్కపెట్టుకుని మళ్లీ కదలడం. ఇది 17వ స్టెప్పు. ఆ స్టెప్పు మీద మేం ఐదు వారాలు ఉండిపోయాం.

ఒకరోజు రైల్లో ఒక పెద్దాయన, వీడు స్టేషన్ పేర్లు పైకి చెబుతుంటే, "పొద్దున్నే తాగొచ్చాడా ఏంటి?" అన్నాడు. నాకు కోపంతో కళ్లలో నీళ్లొచ్చాయి. నేను నోరు తెరిచేలోపే వీడు జేబులోంచి కార్డు తీసి ఆయన ముందు పెట్టాడు. 'నాకు ఆటిజం ఉంది. నాకు సహాయం కావాలంటే నేనే అడుగుతాను' అని ఉంటుంది అందులో. ఆయన చదివి, కార్డు తిరిగిచ్చేసి, "తర్వాతేం స్టేషన్ బాబూ?" అన్నాడు. "ఈఎస్ఐ హాస్పిటల్" అన్నాడు వీడు. అంతే. పోట్లాటకు సిద్ధమైన నేనే వెర్రిదాన్నయ్యాను.

498 నుంచి 502

కేంద్రంలో వాడి పని పప్పులు, చిరుధాన్యాలు తూచి ప్యాకెట్లు కట్టడం. అరకిలో అంటే వాడికి సరిగ్గా 500 గ్రాములే. ఒక్క కందిపప్పు బద్ద ఎక్కువైనా తీసేస్తాడు, తక్కువైతే వేస్తాడు. మిగతావాళ్లు పది ప్యాకెట్లు కట్టేలోపు వీడు రెండు కట్టేవాడు. తప్పుల్లేని పనే, కానీ ఏ షాపువాడూ అంతసేపు ఆగడు కదా.

మేడమ్ వాడికి త్వరగా చెయ్యమని చెప్పలేదు. త్వరగా అంటే ఎంత త్వరగా అని వాడికి తెలీదు. తూకం పక్కన ఒక చీటీ అంటించారు. '498 నుంచి 502 దాకా సరే.' రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు. మూడో రోజు నుంచి గంటకు 20 ప్యాకెట్లు. ఆటిజం ఉన్నవాళ్లతో పని చేయించుకోవడం కష్టం అనుకునే మేనేజర్లకు ఈ చీటీ ఒకటి చూపించాలనిపిస్తుంది. చాలాసార్లు వాళ్లకు కావాల్సింది జాలి కాదు, ఇలాంటి స్పష్టత. చేయాల్సిన పని రాసి ఇవ్వడం, ఒకసారికి ఒకే మాట చెప్పడం, జవాబుకి కాస్త టైమివ్వడం.

పనితో పాటు అక్కడ నేర్పేవి ఇంకా ఉన్నాయి. రూ.500 ఇస్తే చిల్లర సరిచూసుకోవడం, ఫోన్ పిన్ ఎవరు అడిగినా చెప్పకపోవడం, 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనడం, ఇష్టం లేనిదానికి 'వద్దు' అనడం. ఈ 'వద్దు' ఎంత ముఖ్యమో నాకు అక్కడే తెలిసింది. చిన్నప్పటి నుంచి వాడికి మేం నేర్పిందంతా చెప్పిన మాట వినడమే. పెద్దాడయ్యాక ప్రతివాడి మాటా వింటే ప్రమాదం కదా!

ఇంకో ఆరు నెలల్లో వాడికి 18 నిండుతాయి. చట్టం లెక్కలో మేజర్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకిచ్చే 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివి ఉన్నవాళ్లందరికీ కలిపి ఉంటుంది. బ్యాంకు, ఆస్తి లాంటి విషయాల్లో వాడి తరఫున సంతకం పెట్టడానికి సంరక్షకులు అవసరమైతే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. 18 దాటాక అమ్మానాన్నలే అయినా ఆ హక్కు దానంతటదే రాదు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో ఈ విషయాలు 17లోనే మాట్లాడుకోవడం మంచిది.

ఆగిపోయిన నీలం చుక్క

ఏప్రిల్ నుంచి నేను వాడికి దూరం జరగడం మొదలుపెట్టాను. ముందు రెండడుగులు. తర్వాత నేను ముందున్న లేడీస్ భాగంలో, వాడు వెనక కోచ్‌లో. ఆ తర్వాత వాడి వెనకొచ్చే రైల్లో. ఈలోగా నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. జులై మొదటి వారంలో చేరాలి. జూన్‌లో ఒక సోమవారం, 26 కార్డులూ ఇంట్లోనే వదిలేసి, వాడొక్కడే బయల్దేరాడు. నేనూ అమ్మా సోఫాలో కూర్చుని, ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ తెరిచి, కదులుతున్న నీలం చుక్కని చూస్తూ టీ కూడా తాగలేదు. సోమ, మంగళ, బుధ... మూడు రోజులూ చుక్క ప్యారడైజ్ దగ్గర ఆగి, సందులోకి తిరిగింది.

గురువారం చుక్క ప్యారడైజ్ దాటిపోయింది.

"ఒసే, వాడు దిగలేదే! పరిగెత్తు!" అంది అమ్మ. చెప్పులేసుకున్నాను, గేటు దాకా వెళ్లాను. చుక్క పరేడ్ గ్రౌండ్ దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఫోన్ చేద్దామని వేలు ఆనించాను. అప్పుడు మేడమ్ మాట గుర్తొచ్చింది. "మీరు వెళ్లి తీసుకొస్తే, దారి తప్పితే అక్క వస్తుంది అని నేర్చుకుంటాడు. మీరు బెంగళూరులో ఉన్నప్పుడు ఎలా వస్తారు?"

గేటు దగ్గర అరుగు మీద కూర్చున్నాను. 5 నిమిషాలు. 8 నిమిషాలు. జీవితంలో ఇంత సేపు నేను ఏమీ చేయకుండా కూర్చుంది లేదు. 11వ నిమిషంలో మెసేజ్ వచ్చింది.

'డోర్ దగ్గర జనం. దిగలేదు. పరేడ్ గ్రౌండ్. 50 లెక్కపెట్టాను 4 సార్లు. అంకుల్‌ని అడిగాను. వెనక్కి 1 స్టేషన్.'

'అంకుల్‌ని అడిగాను.' ఆ రెండు మాటల దగ్గర నా చూపు ఆగిపోయింది. దిగాల్సిన చోట దిగలేకపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావడం మేం నేర్పిందే. కానీ కొత్త మనిషిని నోరు తెరిచి అడగడం 26 స్టెప్పుల్లో ఎక్కడా లేదు. వాడి దగ్గర చూపించే కార్డు ఉంది. అయినా అడిగాడు.

చుక్క కదిలింది. ప్యారడైజ్. మెట్లు. సందు. గేటు. అమ్మ అక్కడే తలుపుకి ఆనుకుని ఏడ్చేసింది.

అందరూ ఇలా ఒంటరిగా తిరగగలరని నేను చెప్పను. ఆటిజం ఉన్నవాళ్లలో జీవితాంతం పక్కన మనిషి ఉండాల్సిన వాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఒంటరిగా మెట్రో ఎక్కడం కాకుండా, తన ప్లేటు తనే కడుక్కోవడమో, ఏ చొక్కా వేసుకోవాలో తనే చెప్పడమో స్వతంత్రం కావచ్చు. మా వాడికి ఇంకా ఉద్యోగం రాలేదు. నాన్న ప్రశ్నకు పూర్తి జవాబూ దొరకలేదు. కానీ ఆ జవాబులో 12 స్టేషన్లు తగ్గాయి.

నేను బయల్దేరిన రాత్రి బస్సు దాకా సాగనంపడానికి వాడూ వచ్చాడు. బస్సెక్కబోతుంటే జేబులోంచి ఒక కార్డు తీసి ఇచ్చాడు. సొంతంగా చేసినట్టున్నాడు, అక్షరాలు గీతల మీద కుదురుగా ఉన్నాయి. పైన 'అక్క - బెంగళూరు' అని, కింద 9 స్టెప్పులు. సీటు నంబర్ చూసుకోవాలి. వాటర్ బాటిల్ పెట్టుకోవాలి. కంగారొస్తే 50 లెక్కపెట్టాలి. దారి తెలీకపోతే ఎవరినైనా అడగొచ్చు.

చివరిది 9వ స్టెప్పు. 'దిగాక తమ్ముడికి మెసేజ్ పెట్టాలి.'

తెల్లారి బెంగళూరులో దిగగానే పెట్టాను. 'చేరాను' అని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

'సరే. నేను 7.40కి బయల్దేరుతున్నా.'