ఇంటిపేరు కనబడని యంత్రం

మా నాన్నగారు చెబుతుండగా నేను రాసిన పుస్తకం ఒకటి పదిహేనేళ్ళుగా నా వద్ద ఉంది. ఉన్నదన్న మాటే గాని, మొన్నటివరకు దానిని బయటికి తీసే మార్గం నాకు తోచలేదు.

నాన్నగారు రేపల్లె ప్రాంతంలో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. పదవీ విరమణ తరువాత నీటికాసుల వ్యాధి వల్ల ఆయన చూపు క్రమంగా సన్నగిల్లింది. 2010 వేసవిలో నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు, "ఎవరెవరి ఇంగ్లీషునో తెలుగు చేస్తున్నావు గదమ్మా, ఈ ముసలివాడి తెలుగు కూడా కాస్త రాసిపెట్టరాదూ?" అన్నారు. నలభై రోజులపాటు ఉదయం కాఫీ అయిన తరువాత ఆయన వాలుకుర్చీలో కూర్చొని చెప్పడం, నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని టైపు చేయడం. నూట నలభై పుటలయ్యాయి. అచ్చు వేయిద్దామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. 2014లో ఆయన కాలం చేశారు.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళాక అమ్మ హైదరాబాదులో మా వద్దకు వచ్చేసింది. ఒక సాయంత్రం తమలపాకులు తుడుచుకుంటూ ఉన్నట్టుండి అడిగింది: "ఏమే, ఆ ఎండాకాలం మీ నాన్న ఏమేమో చెప్పారు, నువ్వు రాశావు. అందులో ఏముందో నాకెవరూ చదివి వినిపించలేదు."

నాకు తల వంచుకోవలసి వచ్చింది. ఆయన చెబుతున్న నలభై ఉదయాలూ ఆమె వంటింట్లోనే ఉంది.

అటకమీదనుంచి ల్యాప్‌టాప్ దించాను. 2008లో మా తమ్ముడు అమెరికానుంచి తెచ్చి ఇచ్చిన యంత్రం అది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అడాప్టరు తగిలిస్తే వెలిగింది, పుస్తకమూ తెరుచుకుంది. కాని ఇరవై నిమిషాలు గడిచేసరికి వేడెక్కి దానంతట అదే ఆగిపోయింది. ఆరిన ప్రతిసారీ ఇక మళ్ళీ లేస్తుందో లేదోనని భయం.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు గదా అని పాఠకులు అనవచ్చు. దాని యుఎస్‌బి రంధ్రాలు రెండూ పనిచేయడం మానేశాయి. తీగ గుచ్చే చోటు ఇల్లు మారినప్పుడు విరిగింది. మా వారు తెరను ఫోనుతో ఫొటోలు తీయబోయారు గాని, అలా తీసిన అక్షరాలను దిద్దే వీలుండదు. మరమ్మతు దుకాణంలోని అబ్బాయి హార్డ్ డిస్కు ఊడదీస్తానన్నాడు గాని, "గ్యారంటీ అడగకండి మేడమ్" అని కూడా అన్నాడు.

ఆ డిస్కు క్షేమంగా వచ్చినా మరో చిక్కు ఉంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో సొంత సంఖ్యలు 1991లోనే ఏర్పడ్డాయి. అయినా మన ప్రెస్సులలో చాలాకాలం పాత డీటీపీ ఫాంట్లే రాజ్యమేలాయి. అచ్చుకని నేనూ వాటితోనే టైపు చేశాను. ఆ పద్ధతిలో యంత్రానికి అది తెలుగని తెలియదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలు కూర్చొని ఉంటాయి. ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటరులో తెరిస్తే నాన్నగారి తెలుగు అర్థంలేని రోమన్ గుర్తుల వరుసగా కనిపిస్తుంది. కనుక పాత యంత్రంలోనే దానిని పీడీఎఫ్‌గా మార్చి, ఆ తరువాతే బయటికి పంపాలి. పంపడానికి మిగిలినది ఇంట్లోని వైఫై ఒక్కటే.

మొదటి రోజు వైఫైల పట్టిక తెరిచి చూశాను. ఎదురింటివారి పేరుంది, పై అంతస్తువారి పేరుంది, పక్క అపార్టుమెంటులో ఎవరిదో కూడా ఉంది. మా ఇంటి పేరు మాత్రం లేదు. ఆ రౌటరు ఆరడుగుల దూరంలో గోడకు వేలాడుతూనే ఉంది!

ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి ఈ పని తన భుజాలకెత్తుకుంది. టేబుల్ ఫ్యాను తెచ్చి యంత్రానికి గాలి తగిలేటట్టు పెట్టింది. దానితో ఇరవై నిమిషాలు నలభై అయ్యాయి. తరువాత రౌటరు అమరికలు పరిశీలించి కారణం చెప్పింది. ఈ ల్యాప్‌టాప్‌లోని వైఫై పరికరం 2003నాటి ప్రమాణానికి లోబడినది, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే దానికి తెలుసు, 5 గిగాహెర్ట్జ్ తెలియదు. ఆ 2.4లో కూడా చిన్న చిన్న దారులుంటాయి, వాటికి అంకెలుంటాయి. మన దేశంలో 13 దారులు వాడుకోవచ్చు. అమెరికాలో వాడేవి 11 మాత్రమే గనుక, అక్కడ కొన్న ఈ యంత్రం ఆ పైవాటిని వినిపించుకోదు. మా రౌటరు రద్దీ తక్కువగా ఉన్నదని తనంతట తానే 13ను ఎంచుకొన్నది. దానిని 6కు మార్చగానే పట్టికలో మా ఇంటి పేరు ప్రత్యక్షమయింది.

పేరు కనిపించింది గాని లోపలికి రానివ్వలేదు. సంకేతపదం ఎన్నిసార్లు ఇచ్చినా కాసేపు ప్రయత్నించి, వీలుకాలేదని చెప్పి ఊరుకుంటుంది. దీనికీ ఒక చరిత్ర ఉన్నది. 1997లో వైఫై తొలి ప్రమాణంతో పాటు వచ్చిన తాళాన్ని ఛేదించవచ్చునని 2001నాటికే పండితులు రుజువు చేశారు. 2003లో డబ్ల్యుపిఎ అనే కొత్త తాళం, 2004లో దాని రెండవ రూపం, 2018లో మూడవ రూపం వచ్చాయి. మా యంత్రానికి రెండవదానివరకే తెలుసు. రౌటరు బిగించిన కుర్రవాడు మూడవది మాత్రమే ఉండేటట్టు అమర్చి వెళ్ళాడు.

ఇంగ్లీషులో ఈ పరస్పర పరిచయాన్ని హ్యాండ్‌షేక్ అంటారు. అనువాదకురాలిని కనుక ఆ మాట దగ్గర ఆగిపోవడం నాకలవాటు. "కరచాలనం" అని నిఘంటువు ప్రకారం రాయవచ్చు. కాని అక్కడ జరిగే పని అది కాదు. రౌటరుకూ యంత్రానికీ నడుమ నాలుగు సందేశాలు నడుస్తాయి. సంకేతపదాన్ని ఎవరూ పైకి పలకరు. అది తనకు తెలుసునని మాత్రం ఒకరికొకరు రుజువు చేసుకుంటారు. మన పల్లెల్లో అరుగుమీద కూర్చొన్న పెద్దాయన కొత్తగా వచ్చినవారిని "ఏ ఊరు మీది? ఎవరి తాలూకు?" అని అడగడం, వచ్చినవారు ఇంటి గుట్టు బయటపెట్టకుండానే తాము ఎవరివారో తెలిసేటట్టు జవాబు చెప్పడం - నాకు అదే గుర్తుకు వచ్చింది. మా ల్యాప్‌టాప్‌కు జవాబు తెలుసు. అడిగే పద్ధతే మారిపోయింది.

"ఇంటి మొత్తానికి రెండో తాళమే పెట్టేస్తే సరిపోతుంది గదా?" అన్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు. మా వారి బ్యాంకు వ్యవహారాలన్నీ ఆ వైఫైమీదనే. పైగా ఈ యంత్రంలోని విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తో కంపెనీవారి రక్షణ ఆగిపోయింది. 2017 మేలో వాన్నక్రై అనే పీడ ప్రపంచమంతటా కంప్యూటర్లను పట్టి పీడించినప్పుడు అటువంటి పాతవాటికోసం మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మరొక రక్షణ విడుదల చేయవలసి వచ్చింది. అది మా అటకమీది యంత్రానికి ఎటూ అందలేదు. ముసలిదానికోసం ఇంటి తాళాలన్నీ సడలించకూడదు. అలాగని దానిని వీధిలో నిలబెట్టనూ కూడదు. అమ్మాయి చేసిన పనేమిటంటే, ఆ రౌటరులోనే అతిథులకోసం వేరుగా ఒక చిన్న వైఫై సృష్టించి, దానికి మాత్రం పాత తాళం వేసి, "అమ్మమ్మ" అని పేరు పెట్టింది.

ఈసారి యంత్రం తడబడకుండా లోపలికి వచ్చింది. నేను సంతోషంతో ఈమెయిల్ తెరవబోయాను. ధ్రువపత్రం చెల్లదన్న హెచ్చరిక వచ్చింది. చూస్తే యంత్రంలో తేదీ 2002 జనవరి 1 అని ఉంది. గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ అయిపోవడంతో అది కాలంలో వెనక్కి పోయి కూర్చుంది. వెబ్‌సైట్ల ధ్రువపత్రాలకు ఫలానా తేదీనుంచి ఫలానా తేదీవరకు అని గడువుంటుంది. 2002లో ఉన్నవారికి అవి ఇంకా పుట్టనే లేదు! తేదీ సరిచేశాము. అయినా ఈమెయిల్ తెరుచుకోలేదు. దానిలోని బ్రౌజరుకు తెలిసిన రహస్యలిపి పద్ధతిని 2020నాటికి ప్రధాన బ్రౌజర్లన్నీ పరిత్యజించాయి. దానితో మాట్లాడే వెబ్‌సైట్లు అరుదయిపోయాయి.

నేను నిరాశపడి కూర్చున్నాను. అప్పుడు అమ్మాయి ఒక మాట అన్నది: "మనకు లోకంతో పనేముందమ్మా? అమ్మమ్మ గదిలోనుంచి నా గదిలోకి రావాలి, అంతే గదా."

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న దానిని, పాతికేళ్ళుగా ఒక భాషలోని మాటను మరో భాషకు చేర్చే పని చేస్తున్నదానిని, నాకీ సంగతి తట్టలేదు. వైఫై అంటే ఇంటర్నెట్టేనని అనుకుంటాము. ఇంటర్నెట్ లేకపోయినా ఇంటిలోని యంత్రాలు తమలో తాము మాట్లాడుకోగలవు. అమ్మాయి రౌటరునుంచి బయటికి పోయే తీగను ఊడదీసింది. తన కంప్యూటరును కూడా "అమ్మమ్మ"లోకి తెచ్చి, అతిథులు ఒకరినొకరు చూడకూడదన్న నిబంధనను తొలగించి, ఫైళ్ళు అందుకొనే చిన్న ప్రోగ్రాము నడిపింది. ఎఫ్‌టీపీ అనే ఆ పద్ధతి ఎక్స్‌పీ కంటె చాలా పాతది. మా యంత్రానికి అది బాగా తెలిసిన భాష. నూట నలభై పుటలూ ఒక నిమిషంలోపే అటునుంచి ఇటు వచ్చాయి. మూల ప్రతి కూడా తెచ్చుకున్నాము. ఆ పని అయిన వెంటనే అతిథుల వైఫై తీసేసి, తీగ మళ్ళీ తగిలించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనొక విషయం గమనించాను. మేము ముగ్గురం సగం ఇంగ్లీషులో ఏవేవో మాట్లాడుకుంటున్నాము. అమ్మ తన కంచంలోకి చూసుకుంటూ తింటున్నది. సంక్రాంతి తరువాత వచ్చిన మొదటి రోజులలో ఆమె ఏదో ఒకటి అడిగేది, క్రమంగా మానేసింది. పగలు పక్కింటివారి సంగతులన్నీ ఆమెకు తెలుస్తున్నాయి, ఆ ఇంటి పెద్దావిడ వచ్చి చెబుతుంది గనుక. మా ఇంటి సంగతులే తెలియడం లేదు. ఆ పూటనుంచి కనీసం భోజనాల వేళనైనా ఆమెకు తెలిసిన మాటలలోనే మాట్లాడాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. అది ల్యాప్‌టాప్ వ్యవహారం కంటె కష్టంగానే ఉంది.

పుస్తకాన్ని పెద్ద అక్షరాలలో కాగితాలమీద తీయించాను. రోజూ సాయంత్రం నాలుగైదు పుటలు చదువుతున్నాను. అమ్మ కళ్ళు మూసుకొని వింటుంది. 1968లో తమ పెళ్ళి సంగతి నాన్నగారు రెండు పుటలు చెప్పారు. మగపెళ్ళివారు తెనాలినుంచి ఎడ్లబండ్లమీద తరలివచ్చారని చదివాను. అమ్మ కళ్ళు తెరిచింది.

"తప్పు. తెనాలినుంచి రేపల్లెదాకా రైల్లోనే వచ్చారు. బండ్లు స్టేషను దగ్గరనుంచి. ఆ బండ్లు కట్టించింది మా నాన్న. ఆయన ఊసే ఎత్తలేదు చూశావా మీ నాన్న!"

"మార్చమంటావా?"

"ఆయన చెప్పింది అలాగే ఉండనీ. కింద నేను చెప్పింది కూడా రాయి" అన్నది అమ్మ.

పెన్సిలు తెచ్చుకున్నాను. పాత ఫాంటునుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు విరిగిన వత్తులూ గుణింతాలూ దిద్దే పని ఇంకా సగం మిగిలి ఉంది. ఇప్పుడు పుస్తకం కూడా నూట నలభై పుటలతో ముగిసేటట్టు లేదు.